కొత్తగా వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌ని ఎలా అంచనా వేయాలి? టెక్సాస్ లాంగ్‌హార్న్స్ గురించి మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2004లో ఎం.ఎస్. చదవడానికి ఆస్టిన్ వచ్చినప్పుడు ఫుట్‌బాల్ అంటే నాకు కాలితో తన్నే ఆటే తెలుసు. రెండో ఏడు, 2006 జనవరి 4 రాత్రి, యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ టీమ్ లాంగ్‌హార్న్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని విసిరే, దాడిని నడిపే ఆటగాడు) విన్స్ యంగ్ ఆఖరి నిమిషంలో కుడి మూలకి పరిగెత్తి టెక్సాస్‌ని 41-38తో నేషనల్ ఛాంపియన్‌ని చేశాడు, యూనివర్సిటీ టవర్ నారింజ రంగులో వెలిగింది, కిటికీల దీపాలతో 1 అంకె పెట్టారు. అప్పటినుంచి ఈ ఆట నన్ను వదల్లేదు. ఇప్పుడు ఏటా డిసెంబర్ మొదట్లో హైస్కూల్ పిల్లలు ఏ కాలేజీకి ఆడతారో సంతకాలు పెట్టే వారం వచ్చిందంటే చాలు, ఫ్రెండ్స్, ఆఫీసువాళ్లు, పిల్లల్ని కొత్తగా ఇక్కడ చేర్పించిన తల్లిదండ్రులు అవే ప్రశ్నలు అడుగుతుంటారు. నేను చూసే పద్ధతి ఒక్కటే: అనుకున్న ఆట (బంతి అందిన ప్రతిసారీ ఆడే ఒక్కో ప్లే) చెడిపోయినప్పుడు ఆ కుర్రాడు ఏం చేస్తున్నాడు? మిగతావన్నీ దాని తర్వాతే.

అన్నా, ఈ ఫైవ్ స్టార్ ఎవరిస్తారు? పరీక్షలాంటిదేమైనా ఉందా?

పరీక్షేమీ లేదు. 247స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ లాంటి సంస్థల స్కౌట్లు హైస్కూల్ ఆటలు, క్యాంపులు, వీడియోలు చూసి మార్కులు వేసి, వాటిని బట్టి గరిష్ఠంగా ఐదు స్టార్లు ఇస్తారు. వేర్వేరు సంస్థల మార్కులు కలిపి 247స్పోర్ట్స్ వాళ్లు కాంపోజిట్ అని ఒక అంకె చూపిస్తారు, అందులో గరిష్ఠం 1.0000. మన పాత క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్‌కి వచ్చింది సరిగ్గా అదే, అంతకుముందు విన్స్ యంగ్‌కీ అదే.

మన భాషలో చెప్పాలంటే ఇది ఎంసెట్ ర్యాంకు లాంటిది. మంచి ర్యాంకు వచ్చినవాడిలో ఏదో ఉందన్నది నిజమే, కానీ వాడు మంచి ఇంజనీరు అవుతాడా లేదా అన్నది నాలుగేళ్ల తర్వాత తేలే సంగతి. ఇంకో ముఖ్యమైన విషయం చాలామందికి తెలీదు. 247స్పోర్ట్స్ వాళ్లు ఏటా సుమారు 32 మందికే ఫైవ్ స్టార్ ఇస్తారు, ఎందుకంటే ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్, అంటే టీములు వరసగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం, మొదటి రౌండ్‌లో ఉండేది 32 స్థానాలు. అంటే ఆ స్టార్లు చెప్పేది కుర్రాడు ముందుముందు ప్రొఫెషనల్‌గా ఎంత ఎత్తుకి వెళ్లొచ్చనే. వచ్చే ఏడు మన టీమ్‌ని గెలిపిస్తాడా అన్న ప్రశ్నకి వాటిలో జవాబు లేదు.

యూవర్స్‌నే చూడండి. 1.0000తో వచ్చినవాడు 2025 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్‌లో, 231వ స్థానంలో మయామీ డాల్ఫిన్స్‌కి వెళ్లాడు. స్కౌట్ల లెక్కలో అది తప్పిన అంచనా. కానీ అతను క్వార్టర్‌బ్యాక్‌గా ఉండగా టెక్సాస్ వరసగా రెండేళ్లు ప్లేఆఫ్ సెమీఫైనల్ ఆడింది. అతన్ని ఫెయిల్ అయ్యాడంటే నేను ఒప్పుకోను.

అయితే స్టార్లని పట్టించుకోవద్దంటారా?

అలా అనను. వందల మందిని కలిపి చూస్తే స్టార్లు బాగానే పనిచేస్తాయి, ఎక్కువ స్టార్ల పిల్లలున్న టీములే ఎక్కువసార్లు పైన ఉంటాయి. ఇబ్బందంతా ఒక్క కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి మొదలవుతుంది.

ఆస్టిన్ పక్కనే లేక్ ట్రావిస్ హైస్కూల్ ఉంది. అక్కడినుంచి గ్యారెట్ గిల్బర్ట్ ఫైవ్ స్టార్‌గా టెక్సాస్‌కి వచ్చాడు, 2010లో స్టార్టర్ (మొదటినుంచి ఆడేవాడు) అయ్యాడు, ఆ ఏడు 10 టచ్‌డౌన్ (స్కోరు తెచ్చిన) పాసులు, 17 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్లు పట్టేసుకున్న బంతులు), టీమ్ 5 గెలిచి 7 ఓడింది. తర్వాత ఎస్ఎంయూ అనే ఇంకో యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. అదే స్కూలు నుంచి కొన్నేళ్లకి బేకర్ మేఫీల్డ్ బయటికొస్తే టెక్సాస్ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. టెక్సాస్ టెక్‌లో స్కాలర్‌షిప్ లేకుండానే చేరాడు, అక్కడినుంచి ఓక్లహోమాకి వెళ్లి మళ్లీ అలాగే మొదలుపెట్టాడు, 2017లో హైస్‌మన్ ట్రోఫీ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది) కొట్టాడు. ఓక్లహోమా మన బద్ధశత్రువు, ఆ బాధ ఇప్పటికీ పోలేదు నాకు.

గిల్బర్ట్‌కి ముందు ఆ స్థానంలో ఉన్న కోల్ట్ మెకాయ్ టస్కోలా అనే చిన్న ఊరి నుంచి వచ్చిన త్రీ స్టార్. టెక్సాస్‌కి 45 ఆటలు గెలిపించాడు, అప్పటికి అది కాలేజీ ఫుట్‌బాల్‌లోనే రికార్డు. ఇంకా దగ్గరి సంగతి కావాలంటే ఫెర్నాండో మెండోజా. మొదట యేల్‌కి వెళ్తానన్న కుర్రాడు, తర్వాత కాలిఫోర్నియా యూనివర్సిటీలో (కాల్) చేరి, అక్కడినుంచి ఇండియానాకి మారి, 2025 హైస్‌మన్ గెలిచి, 2026 జనవరిలో ఆ టీమ్‌ని ఛాంపియన్ చేశాడు.

వీడియో చూసేటప్పుడు మొదట ఏం చూడాలి?

కాళ్లు. మొదటిసారి చూసేటప్పుడు బంతి ఎటు వెళ్లిందో అస్సలు పట్టించుకోకండి, నడుం కింద మాత్రమే చూడండి.

స్నాప్ (ఆట మొదలుపెడుతూ వెనక్కి ఇచ్చే బంతి) అందగానే క్వార్టర్‌బ్యాక్ వెనక్కి మూడో ఐదో అడుగులు వేస్తాడు. ఆఖరి అడుగు నేలకి తగిలేసరికి బంతి విసరడానికి ఒళ్లు సిద్ధంగా ఉండాలి, కుడిచేతివాడైతే ఎడమ పాదం విసిరే దిక్కుకి తిరగాలి. మొదటి రిసీవర్‌కి (పాస్ పట్టుకునేవాడికి) దారి లేదనుకోండి, చూపు రెండోవాడి మీదికి వెళ్లినప్పుడు పాదాలు కూడా ఆ చూపుతోనే తిరగాలి. చాలామంది హైస్కూల్ పిల్లల దగ్గర ఇక్కడే లోపం కనిపిస్తుంది. కళ్లు కుడికి వెళ్తాయి, పాదాలు ఎడమకే ఉంటాయి, ఒట్టి చెయ్యి బలంతో విసురుతారు, హైస్కూల్లో అదీ చెల్లిపోతుంది, కాలేజీలో అదే బంతి రిసీవర్ వెనక్కి పడి అవతలివాడి చేతికి చిక్కుతుంది.

రెండోసారి చూసేటప్పుడు పాకెట్ చూడండి, అంటే లైన్‌మెన్ అడ్డు నిలబడి కాపాడే ఆ గుర్రపునాడా ఆకారపు జాగా. పక్కల నుంచి డిఫెన్స్ దూసుకొస్తుంటే మంచి క్వార్టర్‌బ్యాక్ ఒక అడుగు ముందుకి వేస్తాడు. చూడ్డానికి ప్రమాదంలోకి వెళ్తున్నట్టే ఉంటుంది గానీ నిజానికి చోటు ఉండేది అక్కడే. భయపడ్డవాడు వెనక్కి వెనక్కి జారిపోతాడు, చూపు రిసీవర్ల మీంచి తప్పించి మీదికొచ్చే మనుషుల్ని చూడ్డం మొదలుపెడతాడు. ఒక్కసారి చూపు కిందికి దిగిందంటే ఆ ఆట అయిపోయినట్టే.

ఇదంతా హైలైట్ వీడియోలో దొరకదు. హడ్ల్ అనే వీడియో సైట్‌లో పిల్లలు పెట్టుకునే మూడు నిమిషాల వీడియోలో చెడిపోయిన ఆట ఒక్కటి కూడా ఉండదు, ఎవరైనా పెళ్లిచూపులకి మంచి ఫొటోనే పంపుతారు కదా. వీలైతే ఒక పూర్తి మ్యాచ్ సంపాదించండి, అదీ ఓడిపోయిన మ్యాచ్. నేను ఒక కాగితం మీద మూడు గళ్లు గీసుకుంటాను: మొదటి రిసీవర్‌కే విసిరాడు, రెండోవాడి దాకా వెళ్లాడు, పరిగెత్తాడు. థర్డ్ డౌన్‌లో (పది గజాలు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఇంకా ఏడు గజాలకి పైగా కావాల్సిన ప్లేలు మాత్రమే లెక్కపెడతాను, ఎందుకంటే విసురుతారని డిఫెన్స్‌కి ముందే తెలిసే సందర్భం అది. నడిమి గడిలో గీతలు పడుతుంటే నాకు ఆ కుర్రాడి మీద నమ్మకం పెరుగుతుంది.

చెయ్యి బలం ఎంత ముఖ్యం? 70 గజాలు విసిరాడని వీడియోలు వస్తుంటాయి కదా.

మోకాళ్ల మీద కూర్చుని 60 గజాలు విసిరే వీడియోలు సరదాకి చూడండి, అంతే. ఆటలో బలం పరీక్షకి నిలిచేది వేరేచోట.

మైదానం వెడల్పు 160 అడుగులు. కాలేజీలో బంతి పెట్టే రెండు హాష్ గీతల మధ్య దూరం 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. ఇప్పుడు బంతి ఎడమ హాష్ మీద ఉంది, రిసీవర్ కుడి గీత వైపు 12 గజాల లోతులో మలుపు తిరిగాడు అనుకోండి. లెక్కలో 12 గజాలే పడుతుంది, క్వార్టర్‌బ్యాక్ నిలబడ్డ చోటునుంచి బంతి గాల్లో వెళ్లాల్సింది దాదాపు 37 గజాలు (మన ఊళ్లో ప్లాట్లు కొలిచే గజమే ఈ యార్డు). ఆ బంతి తేలుతూ వెళ్తే డిఫెండర్ మధ్యలో అందుకుని అటునుంచటే టచ్‌డౌన్‌కి పరిగెడతాడు. ఆ ఒక్క త్రో ఎంత సూటిగా, ఎంత త్వరగా వెళ్తుందో చూస్తే చేతి బలం తెలిసిపోతుంది.

బలం తక్కువున్నా ముందుగా ఊహించి విసిరేవాళ్లు ఉంటారు. రిసీవర్ మలుపు తిరగకముందే బంతి చేతిలోంచి వెళ్లిపోతుంది. బలం, ఊహ రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నేను ఊహనే ఎంచుకుంటాను.

హైస్కూల్లో 70 శాతం కంప్లీషన్లు (రిసీవర్‌కి అందిన పాసులు), 50 టచ్‌డౌన్లు ఉంటే తిరుగులేదు కదా?

ముందు మూడు విషయాలు అడగాలి. ఎంత దూరం విసిరాడు, ఎవరికి విసిరాడు, ఎవరి మీద ఆడాడు.

లైన్ వెనకే అందించే స్క్రీన్ పాసులు ఆటకి పది వేస్తే ఎవరి శాతమైనా పెరుగుతుంది. రిసీవర్ సంగతి చెప్పడానికి 2025 బ్యాచ్‌లో మనకి వచ్చిన కేజే లేసీ మంచి ఉదాహరణ. అలబామాలో శారలాండ్ హైస్కూల్ కుర్రాడు, అతనికి అక్కడ రిసీవర్ రయన్ విలియమ్స్, ఇప్పుడు అలబామా యూనివర్సిటీకి ఆడుతున్న విలియమ్సే. గాల్లోకి వేస్తే ఎక్కడున్నా అందుకునే మనిషి అతను. విలియమ్స్ ఒక ఏడాది ముందే కాలేజీకి వెళ్లిపోయాడు కాబట్టి లేసీ ఆఖరి సీజన్ అతను లేకుండానే ఆడాడు. అందుకే లేసీని అంచనా వేయాలంటే ఆ రెండు సీజన్ల వీడియోలు పక్కపక్కన పెట్టుకోవాలి. దగ్గర, నడిమి దూరపు బంతులు అదే గురితో పడుతున్నాయా అన్నది చూస్తే ఎంత భాగం లేసీది, ఎంత భాగం విలియమ్స్‌ది అన్నది తేలుతుంది.

దీనికి తలకిందులు కూడా ఉంటుంది. క్యామ్ వార్డ్ టెక్సాస్‌లోనే వెస్ట్ కొలంబియా కుర్రాడు, వాళ్ల స్కూలు బంతి పట్టుకుని పరిగెత్తే ఆటే ఆడేది, పాసులు చాలా తక్కువ. అంకెలు లేవు కాబట్టి పెద్ద కాలేజీలు చూడలేదు, సాన్ ఆంటోనియోలో ఇన్‌కార్నెట్ వర్డ్ అనే చిన్న యూనివర్సిటీ పిలిచింది. 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు అతనిదే.

ఎత్తు తక్కువైతే?

ఒకప్పుడు పెద్ద సమస్య, ఇప్పుడు కాదు. డల్లాస్ దగ్గర అలెన్ హైస్కూల్లో స్టార్టర్‌గా 42 ఆటలాడి 42 గెలిచిన కైలర్ మరే, అలబామా బ్రైస్ యంగ్, ఇద్దరూ ఐదడుగుల పది అంగుళాలవాళ్లే. ఇద్దరికీ హైస్‌మన్ వచ్చింది, ఇద్దర్నీ డ్రాఫ్ట్‌లో మొదటే తీసుకున్నారు. లేసీ కూడా పొడగరి కాదు. ఎత్తు తక్కువున్నవాడు లైన్‌మెన్ మధ్య సందుల్లోంచి చూడ్డానికి పక్కకి జరగడం నేర్చుకున్నాడా అన్నది మాత్రం గమనించండి.

సెవెన్ ఆన్ సెవెన్ టోర్నమెంట్లు, ఎలీట్ 11 క్యాంపు... వీటిని నమ్మొచ్చా?

నెట్స్‌లో బ్యాటింగ్ ఎంత నమ్ముతారో అంత. సెవెన్ ఆన్ సెవెన్‌లో లైన్‌మెన్ ఉండరు, మీదపడేవాళ్లు ఉండరు. గురి, బంతి వదిలే వేగం, రిసీవర్‌కి అనువుగా అందించడం, ఇవన్నీ బాగా తెలుస్తాయి. దెబ్బ తగులుతుందని తెలిసీ చూపు తిప్పకుండా నిలబడటం మాత్రం అక్కడ కనిపించదు.

1999 నుంచి జరుగుతున్న ఎలీట్ 11కి విలువ ఉంది, దేశంలోని మంచి పిల్లలంతా ఒకేచోట ఒకే డ్రిల్లు చేస్తారు కాబట్టి పోల్చడం తేలిక. 2019లో అక్కడ ఎంవీపీ (అందరిలో ఉత్తముడు) అయ్యాకే సి.జె. స్ట్రౌడ్ పేరు అందరి నోటా పడింది.

ఆర్చ్ మ్యానింగ్‌ది ఇంటిపేరు వల్ల వచ్చిన పేరేనా?

మన క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్, ఎన్ఎఫ్ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌లుగా ఆడిన ఆర్చీకి మనవడు, పేటన్‌కీ ఈలైకీ అన్న కొడుకు అంటే ఆ పేరు బరువు ఉంటుంది మరి. తరవాతి మాట మాత్రం మనం న్యాయంగా చూడాలి. న్యూ ఆర్లీన్స్‌లో అతను చదివిన న్యూమన్ చిన్న ప్రైవేటు స్కూలు, ఎదురు టీములు అంత గట్టివి కావని అప్పుడే చాలామంది అన్నారు, అది సరైన ప్రశ్నే. 2023లో చేరి దాదాపు కూర్చున్నాడు, 2024లో యూవర్స్‌కి గాయమైతే రెండు ఆటలు మొదలుపెట్టాడు, మళ్లీ పక్కకి జరిగి నిలబడ్డాడు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) వెళ్తే ఏ కాలేజీ అయినా ఎర్ర తివాచీ పరిచేది. వెళ్లలేదు. నాకు అతని మీద గౌరవం అక్కడే కలిగింది.

2025లో టెక్సాస్ ఏపీ పోల్‌లో (విలేకర్లు ఓట్లేసే ర్యాంకింగ్) నంబర్ వన్‌గా సీజన్ మొదలుపెట్టి, మొదటి ఆటే ఒహాయో స్టేట్ దగ్గర 14-7తో ఓడింది. ఆ రోజు ఆర్చ్ 30 పాసుల్లో 17 అందించి 170 గజాలు చేశాడు. మర్నాడు అందరూ చెయ్యి తిట్టారు, నాకు కనిపించింది కాళ్లు. తొందరపడుతున్నాడు, అడుగు నేల మీద పడకముందే విసురుతున్నాడు, అందుకే దగ్గర బంతులు కూడా నేలకి తగిలాయి. నవంబర్‌కి అవే కాళ్లు కుదురుకున్నాయి. అర్కాన్సాస్ మీద విసిరి, పరిగెత్తి, చివరికి పట్టుకుని కూడా టచ్‌డౌన్లు చేశాడు. సీజన్ 10 గెలుపులు, 3 ఓటములతో ముగిసింది. కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని సెప్టెంబర్‌లో చూసి తీర్పు చెప్పొద్దని నేను పదే పదే అనేది ఇందుకే.

అంత మంచివాడైతే మొదటి ఏడే ఎందుకు ఆడించరు?

హైస్కూల్లో ఆట పేరు ఒక బొమ్మ కార్డు మీదో, మణికట్టు పట్టీ మీదో చూసి ఆడేస్తారు. టెక్సాస్ కోచ్ స్టీవ్ సార్కీసియన్ దగ్గర ఒక్కో ఆటకి కదలికలు, షిఫ్టులు, ప్రొటెక్షన్ మార్పులు అన్నీ గుర్తుండాలి, ఎదుటి డిఫెన్స్ వేషం మార్చినప్పుడు లైన్‌మెన్‌కి కేకేసి చెప్పాలి. పద్దెనిమిదేళ్లకి అది చాలా బరువు. 2018లో వచ్చిన రూల్ ప్రకారం నాలుగు ఆటల దాకా ఆడినా రెడ్‌షర్ట్ పోదు, అంటే ఆ ఏడాది అర్హత మిగిలే ఉంటుంది. ఆ నాలుగు ఆటల్లో ఎప్పుడు దింపుతున్నారో చూడండి. 40 పాయింట్ల ఆధిక్యంలో దింపడం వేరు, రెండో క్వార్టర్‌లో దింపడం వేరు.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉండగా హైస్కూల్ పిల్లల మీద ఇంత శ్రమ ఎందుకు?

నిజమే, పోర్టల్ వచ్చాక లెక్క మారింది. క్వార్టర్‌బ్యాక్ స్థానం ఒక్కటే, ఆడేది ఒక్కడే, మిగతావాళ్లు వేచి ఉండాలి. మాలిక్ మర్ఫీ 2023లో యూవర్స్ లేనప్పుడు రెండు ఆటలు మొదలుపెట్టి రెండూ గెలిపించాడు, డిసెంబర్‌లో వెళ్లిపోయి డ్యూక్‌లో చేరాడు. అతన్ని తప్పుపట్టను, ఆడే వయసు నాలుగేళ్లే. డబ్బు సంగతీ ఉంది: 2021 జులై నుంచి ఎన్ఐఎల్ (పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఆటగాళ్లకి వచ్చే డబ్బు), 2025-26 నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా పంచే వాటా, ఒక్కో కాలేజీకి అన్ని ఆటలకీ కలిపి ఆ మొదటి ఏడు పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

అయినా ఇంట్లో పెరిగిన కుర్రాడికి ఉన్న లాభం వేరు. అదే కోచ్, అదే భాష, రెండేళ్లు మీటింగ్ గదిలో కూర్చుని విన్న మాటలు. అందుకే కొత్త కుర్రాడి విషయంలో నేను వేసుకునే ఇంకో ప్రశ్న, ఇతను ఆగగలడా? హైస్కూల్లోనే మూడు స్కూళ్లు మారాడా, మారితే ఎందుకు మారాడు, ఆడని ఏడు ఏం చేశాడు?

స్ప్రింగ్ ప్రాక్టీస్ వార్తల్ని బట్టి ఏమైనా చెప్పొచ్చా?

కొద్దిగా. క్వార్టర్‌బ్యాక్‌ని అక్కడ కొట్టకూడదు, వేరే రంగు జెర్సీ వేస్తారు. ఎవరు రెండో టీమ్‌తో ఆడుతున్నారు అన్న ఒక్క వార్త మాత్రం గుర్తుపెట్టుకోండి.

ధైర్యం, నాయకత్వం లాంటివి ఎలా కొలుస్తారు?

కొలవలేం, కానీ దగ్గరుండి చూడొచ్చు. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకి ఆ అదృష్టం ఉంది, శుక్రవారం రాత్రి ఏ హైస్కూల్ స్టేడియానికైనా వెళ్లొచ్చు.

ఒకసారి మా ఇంటి దగ్గర ఆటకి వెళ్లి బెంచీల వెనక, కంచె పక్కన నిలబడ్డాను. సీనియర్ క్వార్టర్‌బ్యాక్ ఇంటర్‌సెప్షన్ ఇచ్చాడు. తప్పు అతనిది కాదు, రిసీవర్ లోపలికి తిరగాల్సింది బయటికి తిరిగాడు, స్టాండ్స్‌లో ఉన్నవాళ్లకి అది తెలీదు, తిట్లన్నీ క్వార్టర్‌బ్యాక్‌కే. అతను హెల్మెట్ తీసి విసిరికొట్టలేదు, చేతులు గాల్లోకి ఎత్తలేదు. నీళ్లు తాగి నేరుగా ఆ రిసీవర్ పక్కన కూర్చుని తన అరచేతి మీద వేలితో గీస్తూ చెప్పాడు, రెండుసార్లు గీశాడు, ఆ చిన్నవాడు తలూపాడు. మూడో క్వార్టర్‌లో మళ్లీ అదే ఆట, అదే కుర్రాడికి విసిరాడు. ఈసారి లోపలికే తిరిగాడు. టచ్‌డౌన్ కాదు, పదకొండు గజాలు. ఆ పదకొండు గజాలు నాకు ఇంకా కళ్లకి కట్టినట్టే ఉన్నాయి.

టీవీలో చూసేవాళ్లు కూడా ఇంటర్‌సెప్షన్ తర్వాత వెంటనే ఛానల్ మార్చకండి. కెమెరా సైడ్‌లైన్ మీదికి వెళ్తుంది, ఎవరి పక్కన కూర్చున్నాడో చూడండి.

మా అబ్బాయి మిడిల్ స్కూల్లో క్వార్టర్‌బ్యాక్ ఆడతానంటున్నాడు. ఏం చేయమంటారు?

ఆడనివ్వండి. ఇంకో ఆట కూడా ఆడించండి. టెక్సాస్‌లో టైలర్ దగ్గర వైట్‌హౌస్ అనే ఊరి కుర్రాడు, ఎన్ఎఫ్ఎల్ ఛాంపియన్ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ బేస్‌బాల్ ఆడుతూ పెరిగాడు, రిక్రూటింగ్‌లో త్రీ స్టారే. స్టార్లు తెప్పిస్తామని వేల డాలర్లు అడిగేవాళ్లకి మాత్రం డబ్బు కట్టకండి. తలకి దెబ్బ తగిలిందంటే ఆ రోజు ఆట అయిపోయినట్టే, దాని మీద కోచ్‌తో కూడా బేరం వద్దు.

మరి డియా బెల్? 2026 బ్యాచ్ కదా, ఎలా ఉంటాడు?

ఫ్లోరిడా నుంచి వచ్చాడు, ఎన్‌బీఏలో ఆడిన రాజా బెల్ కొడుకు, ఫైవ్ స్టార్. ప్రొఫెషనల్ ఆటగాడి ఇంట్లో పెరిగిన పిల్లలకి ఓడిపోయిన మర్నాడు కూడా పొద్దున్నే లేచి జిమ్‌కి వెళ్లాలని ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, అది నాకు నచ్చే విషయం. అంతకుమించి జోస్యం చెప్పను. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు గానీ, యూవర్స్, గిల్బర్ట్, మెకాయ్‌ని చూశాక ఈ స్థానం విషయంలో ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

అతను మొదటిసారి బరిలోకి దిగిన రోజు నా కాగితం మీద అవే మూడు గళ్లు ఉంటాయి. థర్డ్ డౌన్, ఎనిమిది గజాలు కావాలి, మొదటి రిసీవర్‌ని మూసేశారు, ఎడమవైపు నుంచి ఒకడు దూసుకొస్తున్నాడు. అప్పుడు అతని పాదాలు ముందుకి పడతాయా, వెనక్కి పడతాయా? నేను చూసేది అదే.